గేటు దగ్గరి గది

ఆఫీసు మూడో అంతస్తు, ఫైళ్ల గది
జూన్ 4, మంగళవారం

తాతయ్యా,

ఈరోజు పొద్దున ఆఫీసులో అడుగు పెట్టీ పెట్టగానే నన్ను శత్రువుగా నియమించారు.

నిజమే చెబుతున్నాను. సంచీ ఇంకా భుజం మీదే ఉంది. మా పెద్ద మేడమ్ తన గదిలోంచి తల బయటపెట్టి, "కొత్తమ్మాయీ, రేపట్నుంచి నువ్వు అవతలి పార్టీవి" అని మళ్లీ లోపలికి వెళ్లిపోయారు. ట్రైనింగులోంచి తీసేశారనుకున్నాను. నా మొహం చూసి ఫైళ్లన్న టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. ఆఫీసులో ఏ కాగితం ఎక్కడుందో ఈ అన్నకు తప్ప ఎవరికీ తెలియదు, అందుకని అందరూ అలా పిలుస్తారు. "కంగారు పడకు. ప్రతి పెద్ద కేసుకీ మనలో ఒకళ్లు శత్రువవుతారు. పోయినసారి నేనే. మేడమ్ అడిగిన ప్రశ్నలకు నేను నిజంగానే మోసం చేశానేమో అనిపించింది" అన్నాడు.

నేను పనిచేసే విభాగానికి దొంగలూ హంతకులూ రారు తాతయ్యా. కంపెనీలు వస్తాయి. ఒప్పుకున్న సరుకు పంపలేదని ఒకళ్లు, పంపినా పుచ్చుకోలేదని ఇంకొకళ్లు. అందరూ ఇస్త్రీ బట్టల్లో, చల్లటి గదుల్లో కూర్చుని, చిన్నపిల్లల్లా అలుగుతారు. విచారణకు ముందు మేడమ్ ఆఫీసులోనే ఒక రిహార్సల్ పెడతారు. అవతలి సాక్షిని కోర్టులో ఏం అడగాలో, ఎలా అడగాలో సరిచూసుకోవడానికి. ఆ సాక్షి మన ఆఫీసుకు రాడు కదా. అందుకని మనలో ఒకళ్లు ఆయన వాంగ్మూలం బట్టీపట్టి, ఆయనలా కూర్చుని జవాబు చెప్పాలి.

నాటకాల్లో వేషాలు వేసిన నీకు రాయొచ్చా అని అడిగాను. మేడమ్ హద్దు గీశారు. "కోర్టులో దాఖలైన కాగితాలు ఎవరైనా చూడొచ్చు, అవి రాసుకో. ఈ గదుల్లో అన్న మాట మాత్రం గుమ్మం దాటకూడదు. నటన గురించి ఎంతైనా అడుగు, నాకూ పనికొస్తుంది" అన్నారు.

కాబట్టి దాఖలైన సంగతి చెబుతాను. మన పక్షం ఒక గాజు కర్మాగారం. దాన్ని నడిపేది ఒకావిడ. అవతల ఒక ఇసుక క్వారీ. దాన్ని నడిపేది ఒకాయన. ఆవిడ వాళ్లమ్మ, ఆయన వాళ్ల నాన్న ఉన్న రోజుల నుంచీ ఈ ఇసుక ఆ కొలిమికే వెళ్తోంది. ఈ వేసవిలో ఆయన ఒక్క నోటీసు పంపి సరఫరా ఆపేశాడు. లారీలను గేటు దగ్గర ఆలస్యం చేస్తున్నారని కారణం చూపించాడు. అలాంటిది ఏమైనా ఉంటే ముందు హెచ్చరించాలనీ, సరిదిద్దుకోవడానికి గడువివ్వాలనీ ఒప్పందంలో ఉంది. ఆయన రెండూ చేయలేదు. చట్టం మన పక్కనే ఉందని అందరూ ధీమాగా ఉన్నారు.

మరి ఈ తొందర దేనికంటావా. గాజు కొలిమి ఆర్పకూడదట. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి రాత్రీ పగలూ మండుతూనే ఉండాలి. చల్లారితే లోపలి గాజు గడ్డకట్టి ఇటుకలను చీల్చేస్తుంది. అప్పుడు కొలిమి మొత్తం పగలగొట్టుకోవాలి. మళ్లీ కట్టుకునే శక్తి ఆవిడకు లేదు, కర్మాగారం మూసెయ్యాల్సిందే. వేరే ఇసుక వాడితే గాజు ఆకుపచ్చగా దిగుతుంది, వాళ్లు చేసే మందుల సీసాలకు, ప్రయోగశాల గొట్టాలకు అది పనికిరాదు. ఇప్పుడు మిగిలిన ఇసుకలో పగిలిన గాజు కలిపి కొలిమికి పథ్యం పెట్టినట్టు పెడుతున్నారు. అది అయిపోయేలోగా, కేసు తేలేదాకా ఇసుక పంపమని కోర్టు చేత చెప్పించాలి. దాన్ని మధ్యంతర ఉత్తర్వు అంటారు. మధ్యంతర. ఎంత బాగుంది ఆ మాట. కొట్టుకునే ఇద్దరి మధ్య ఎవరో రెండు చేతులూ చాపి నిలబడినట్టుంది.

నేను ఇంతవరకు వేసింది ఒకే ఒక్క వేషం, స్కూల్లో చెట్టు వేషం. కదిలానని తిట్లు కూడా తిన్నాను. నువ్వు జన్మంతా దుర్మార్గుల వేషాలే వేశావు. ఎలా వెయ్యాలో చెప్పు.

ఫోన్ చెయ్యను. నువ్వు సగం విని మిగతా సగం సొంతంగా కల్పిస్తావు.

నీ మనవరాలు, ప్రస్తుతానికి శత్రువు

*

ఇంటి వరండా, పడక కుర్చీ
జూన్ 9

శత్రువుగారికి తాతయ్య అభినందనలు,

మన వంశంలో ఈ పదవి మళ్లీ ఒకరికి దక్కినందుకు గర్వంగా ఉంది.

నీ ఉత్తరం పైకి చదువుకుంటుంటే మీ అమ్మ వచ్చి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది. వకీలుతో అన్నాను. "ఇప్పుడేం చేశావు నాన్నా" అంది. చూశావా, కన్న కూతురు.

ముందుగా ఒక సంగతి. దుర్మార్గుడి వేషం వెయ్యకు. నేను ఒక్కసారి కూడా వెయ్యలేదు. పొలం కాజేసినవాణ్ని వేశాను. తమ్ముణ్ని ఇంట్లోంచి గెంటేసిన అన్నను వేశాను. వాళ్లలో ఒక్కడికీ తాను చెడ్డవాణ్నని తెలియదు. తన మాట ఎవరూ వినిపించుకోలేదన్న మంట ఒక్కటే తెలుసు. ఒకసారి ముందు వరసలోంచి ఒకావిడ నా మీద చెప్పు విసిరింది. నాటకం అయ్యాక దాన్ని తీసుకోవడానికి వచ్చి, "నీదీ న్యాయమేలే" అని గొణుగుతూ పోయింది. నాకొచ్చిన పతకాలన్నీ అటకమీద ఉన్నాయి, ఆ గొణుగుడు మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.

ఇంకో సంగతి. నాటకంలో ఏ పాత్రకైనా కథకు పనికొచ్చే మాటలుంటాయి. అవి రాసినవాడివి. ఆ మనిషివి కావు. ఎక్కడో ఒక మాట కథకు పనికిరానిది ఉంటుంది, తీసేసినా ఎవరికీ నష్టం ఉండదు. అయినా అది మిగిలిందంటే ఆ మనిషి దాన్ని పట్టుకుని వదల్లేదన్నమాట. నీ ఇసుక ఆయన వాంగ్మూలం వకీలు రాయించి ఉంటాడు. అందులో వకీలుకు అక్కర్లేని మాట వెతుకు. అక్కణ్నుంచి మొదలుపెట్టు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. మన నాటక సంఘం వాళ్లు వచ్చి తాత వేషం వెయ్యమని కూర్చున్నారు. తాత చాలా మంచివాడట. అలాంటివి నాకు చేతకావని చెప్పి పంపించేశాను.

నీ పూర్వ శత్రువు, తాతయ్య

*

ఆఫీసు, కిటికీ పక్క బల్ల
జూన్ 17

తాతయ్యా,

దొరికింది. కానీ ముందు నువ్వు కొలిమి చూడాలి.

గాజు ఆవిడ మమ్మల్ని కర్మాగారానికి తీసుకెళ్లింది. ఆవిడకు కొలిమిని ఎవరికైనా చూపించడం సరదా, ఎవరికైనా చెప్పుకోమంది కూడా. గోడలో చిన్న కంత ఉంటుంది. నల్లద్దం అడ్డం పెట్టుకుని చూడాలి. లోపల మంటలు ఎగసిపడుతుంటాయనుకున్నాను. ఏమీ కదలదు. వెలుగే ముద్దకట్టి చెరువులా నిలిచినట్టుంటుంది. కళ్లు పక్కకు తిప్పుకున్నాక కూడా అది రెప్పల వెనక ఉండిపోయింది. "నేను పుట్టినప్పుడు మా అమ్మ పురుటి మంచం మీద నుంచి మొదట అడిగింది నా గురించి కాదు, కొలిమి గురించి" అంది ఆవిడ నవ్వుతూ. కొలిమి పక్కన ఒకతను గొట్టం ఊది మాకోసం ఒక నీళ్ల గ్లాసు చేసి చూపించాడు. ఆవిడ దాన్ని ఎత్తి, వెలుగుకు పట్టి, "చూడండి, రంగే లేదు. ఇదంతా ఆ ఇసుక గొప్పతనం" అని, వెంటనే మొహం తిప్పుకుంది.

గేటు కూడా చూశాను. నేను వెయ్యబోయే మనిషి లారీలు ఆగింది అక్కడే కాబట్టి. ఇనుప ఊచల గేటు. లోపలికి రాగానే కుడివైపు ఒక కుళాయి, దాని పక్కన లారీలు తూచే కాటా. బయట పొడుగ్గా గోడ, దాని వెంట లారీల వరస. నిలబడడానికి ఎక్కడా నీడ లేదు. తలెత్తి చూస్తే పై అంతస్తులో ఆవిడ గది కిటికీ, సరిగ్గా గేటుకు ఎదురుగా ఉంది. ఎండ పడకుండా పసుపుపచ్చ పరదా వేలాడుతోంది.

ఇప్పుడు నువ్వు వెతకమన్న మాట. వాంగ్మూలంలో ఆలస్యాల పట్టిక పేజీలకొద్దీ ఉంది. తర్వాత నోటీసు సంగతి. ఈ రెండింటికీ మధ్య ఒక్క వాక్యం: "ఆఖరి సరుకు పంపిన రోజు మా డ్రైవరుకు జ్వరం రావడంతో లారీ నేనే నడుపుకుంటూ వెళ్లాను." అంతే. ఆ తర్వాత దాని ఊసే లేదు. ఆయన తనే వెళ్తే ఏమిటి, డ్రైవరు వెళ్తే ఏమిటి, కేసుకు ఏ తేడా లేదు. ఫైళ్లన్నకు చూపిస్తే, "జ్వరం కూడా దాఖలు చేశారా, డాక్టరు చీటీ జతచేయలేదేం" అన్నాడు.

కానీ ఆ ఒక్క వాక్యం దగ్గర ఆయన గొంతు వినబడినట్టుంది నాకు. రాత్రి పడుకుంటే కలలో కూడా అదే వాక్యం. ఇప్పుడేం చెయ్యను?

నీ మనవరాలు

*

వరండా, మధ్యాహ్నం
జూన్ 22

అమ్మడూ,

ఇప్పుడు మాటలన్నీ మర్చిపో. కాళ్ల నుంచి మొదలుపెట్టు.

ఆ రోజు ఆయన కాళ్లకు ఏముంది? తన ఆఫీసులో తొడుక్కునే బూట్లా, లారీ తోలే చెప్పులా? చొక్కా మీద దుమ్ము ఎంత? లారీ దిగి ఎక్కడ నిలబడ్డాడు? గోడకు ఆనాడా, గోడ వేడిగా ఉందా? ఎవరికోసం చూశాడు? ఆయన నిలబడిన చోట నువ్వు నిలబడ్డావు కదా, అక్కణ్నుంచి ఏం కనబడుతుందో నీకు తెలుసు. కళ్లకు ఏం కనబడిందో తెలిస్తే మాట నోటికి దానంతట అదే వస్తుంది. నోటితో మొదలుపెట్టేవాళ్లంతా రేడియోలో వార్తలు చదువుకోవాలి.

కుర్చీలో కూర్చోబెడతామన్నా కూర్చోకు. నిలబడి కాళ్లు నొప్పి పుట్టినవాడు కూర్చుని ఆ మాట చెప్పలేడు.

మీ అమ్మ నీకేదో రాస్తానంటోంది నా గురించి. నమ్మకు.

తాతయ్య

*

హాస్టల్ గది
జూలై 1

తాతయ్యకు,

రిహార్సల్ అయింది. ఏం జరిగిందో రాయకూడదు.

మధ్యలో నన్ను బయటికి పంపేశారు. తర్వాత లోపలికి పిలిచి ఒక ప్రశ్న అడిగారు. నేను నిజమే చెప్పాను. నమ్మారో లేదో తెలియదు. నమ్మకపోతే ఈ ఆఫీసులోనే కాదు, ఇంకే ఆఫీసులోనూ నాకు చోటుండదు. ప్రస్తుతానికి ఈ కేసు ఫైలు నాకివ్వొద్దని ఫైళ్లన్నకు చెప్పారు. ఆయన నన్ను చూసినప్పుడల్లా ఏదో వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగుతున్నాడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. బాగానే చేశాను. అదే గొడవైంది. నీ మీద కోపం లేదు.

*

ఇల్లు
జూలై 5

తల్లీ,

నీ ఉత్తరం పైకి చదవలేదు. లోపలే చదువుకున్నాను.

నువ్వు రాయలేనిది నేను అడగను. నువ్వు అబద్ధం ఆడలేదన్నావు. అయితే వెళ్లి కడుపునిండా తిని పడుకో. రేపు అదే ప్రశ్న అడిగితే అదే జవాబు చెప్పు, అంతకన్నా అందంగా చెప్పబోకు. నిజాన్ని రెండోసారి ముస్తాబు చేస్తే అనుమానిస్తారు.

నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. వేషం వద్దన్నది తాత మంచివాడని కాదు. ఎదుటి పాత్ర ఆఖరి మాట వినబడితేనే కదా నా మాట ఎత్తుకోవాలి. నాకు ఆ ఆఖరి మాట వినబడడం లేదు. సంఘం వాళ్ల ముందు ఒకసారి చదివి చూశాను. రెండుచోట్ల నేను నోరు తెరవాల్సిన వేళ గుడ్లప్పగించి కూర్చున్నాను. కుర్రాళ్లు మర్యాదస్తులు, ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మీ అమ్మ రాయబోయేది ఇదే. నేనే ముందు రాసేశాను, దాని మొహం చూడాలి.

నీ ఉత్తరం కోసం గుమ్మంలో కూర్చుంటాను. చెవి పనిచేయకపోయినా పోస్టుమాన్ సైకిల్ కనబడుతుంది.

తాతయ్య

*

ఆఫీసు, ఫైళ్ల గది
జూలై 12

తాతయ్యా,

ఫైలు మళ్లీ నా బల్ల మీదే ఉంది. ఇప్పుడు అంతా రాయొచ్చు. అనుమతి ఇచ్చింది గాజు ఆవిడే. "ముందు మీ తాతగారికి రాయి, ఈ గొడవంతా ఆయన పాఠమేగా" అంది.

ఆ రోజు పెద్ద గదిలో పొడుగు బల్లకు ఒక చివర మేడమ్, ఇంకో చివర సాక్షి కుర్చీ, మూలన గాజు ఆవిడ. నేను నాన్న పాత చొక్కా వేసుకుని వెళ్లాను. కూర్చోమంటే నిలబడే చెబుతానన్నాను. మేడమ్ కళ్లద్దాల మీదుగా ఒకసారి చూసి మొదలుపెట్టారు.

"నోటీసుకు ముందు హెచ్చరిక పంపారా?"

"లేదండి."

"సరిదిద్దుకోవడానికి గడువిచ్చారా?"

"ఇవ్వలేదండి."

"ఇంకెవరో మంచి ధర చెప్పారు. అంతేనా?"

"ఎవరూ చెప్పలేదండి. నేను వెతకనూ లేదు."

"మరి తరాల నుంచి ఉన్న సంబంధాన్ని ఒక్క కాగితంతో ఎందుకు తెంచుకున్నారు?"

ఇక్కడ నేను "ఆలస్యాల వల్ల" అనాలి. వాంగ్మూలంలో ఉన్నది అదే. కానీ నా కాళ్లు గోడ పక్కన ఉన్నాయి తాతయ్యా. వీపుకు వేడి తగులుతోంది.

"ఆ రోజు లారీ నేనే నడుపుకుంటూ వచ్చానండి" అన్నాను.

"అది అడగలేదు."

"ఎవరూ అడగలేదండి, అందుకే చెబుతున్నాను. డ్రైవర్లు లోపలికి రాకూడదన్నాడు గేటు మనిషి. నేనెవరో చెప్పలేదు. చెబితేనే మనిషిగా చూస్తారా అని ఊరుకున్నాను. ఊచల అవతల కుళాయి కనబడుతూనే ఉంది. కాసిని మంచినీళ్లు అడిగాను. తల పైకెత్తితే కిటికీలో అమ్మగారున్నారు. నన్ను చూశారు. చూసి పరదా లాగేశారు."

మూల నుంచి కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. గాజు ఆవిడ లేచి నిలబడి ఉంది. "ఈ అమ్మాయికి ఎవరు చెప్పారు?" అంది, చాలా మెల్లగా.

మేడమ్ పెన్ను మూత పెట్టి నన్ను బయటికి పంపారు. కాసేపటికి పిలిచి, ఎదురుగా నిలబెట్టి, ఒక్కటే అడిగారు. "నువ్వు అవతలి ఆయనతో మాట్లాడావా?"

అవతలి పార్టీతో వాళ్ల వకీలుకు తెలియకుండా మాట్లాడడం మా వృత్తిలో పెద్ద తప్పు. చదువు పూర్తికాకముందే ఇంటికి పంపేస్తారు.

"లేదు మేడమ్. ఊహించాను."

"పరదా కూడానా?"

"పరదాను అక్కడికి వెళ్లినప్పుడు చూశాను మేడమ్. అది లాగుతారని మాత్రం ఊహించాను."

గాజు ఆవిడ మూడు నాలుగు రోజులు కనబడలేదు. వచ్చిన రోజు నన్ను కూడా గదిలోకి పిలవమంది. "ఈ పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. మా గేటు మనిషిని నిలదీసి అడిగాను" అంటూ మొదలుపెట్టింది. ఆ రోజు కింది నుంచి గేటు మనిషి ఫోన్ చేశాడట, ఎవరో డ్రైవరు నీళ్లడుగుతున్నాడు, లోపలికి పంపనా అని. "ఒకణ్ని పంపితే అందరూ వస్తారు, రూలు రూలే" అందట. కిందికి చూస్తే దుమ్ము కొట్టుకుపోయిన మనిషి తలెత్తి తనవైపే చూస్తున్నాడు. ఇబ్బందిగా అనిపించి పరదా లాగేసింది. "ఆయన వాంగ్మూలం నేనూ చదివాను. లారీ తనే తెచ్చానన్న వాక్యం మీద నుంచి నా కళ్లు జారిపోయాయి. ఈ అమ్మాయి ఆ చొక్కాలో నిలబడేదాకా ఆ డ్రైవరే ఈయనని నాకు తెలియదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న వెంట వచ్చేవాడు. మా అమ్మ మా ఇద్దరికీ ఒకే గ్లాసులో నీళ్లిచ్చేది."

తర్వాత మేడమ్ అన్నారు, "ఉత్తర్వు తెస్తాను. అందులో నాకు సందేహం లేదు. కేసు నడిచినన్నాళ్లూ ఇసుక వస్తుంది. కేసు అయ్యాక మీ కొలిమి ఎవరి ఇసుకతో మండుతుంది?"

"ఆయనతో నేనే మాట్లాడతాను. తప్పు నాదని చెబుతాను."

ఫైళ్లన్న గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఆవిడ ఆ మాటంటే కోర్టులో వాళ్ల వకీలు లేచి మొదట చదివేది అదే."

"ఎక్కడ అంటే?" అన్నారు మేడమ్. ఆ నవ్వు నువ్వు చూడాలి. రాజీ చర్చకంటూ ఒక గది పెట్టుకుంటే, అందులో అన్న మాట కోర్టులో ఎత్తకూడదట. ఇద్దరూ ముందే సంతకం పెడతారు. ఆ గదిలో ఎవరైనా తప్పైందని అనొచ్చు, అది నేరం ఒప్పుకున్నట్టు కాదు. కోట్ల రూపాయల వ్యాపారాలు చేసేవాళ్లు క్షమించమని అడగడానికి ఒక గది కట్టుకోవాల్సి వచ్చింది చూడు. నాకు ఆ గది చాలా నచ్చింది.

అవతలి వకీలుకు కబురు వెళ్లింది. విచారణ తేదీ మాత్రం మారలేదు. కర్మాగారం షెడ్డులో ఇసుక మోకాలెత్తుకు దిగిపోయింది.

నీ సంగతి. ఆఖరి మాట చెవికే ఎందుకు వినబడాలి? నాకు నోటికన్నా ముందు కాళ్లు చూసుకోమన్నావు. మరి నీ కాళ్లు?

నీ మనవరాలు

*

వరండా
జూలై 17

ప్లీడరుగారికి,

నా పాఠం నాకే అప్పజెప్పావు. ఫీజు ఎంతో చెప్పు.

సంఘం వాళ్లకు కబురు చేశాను. ఆ నాటకంలో తాతకు పెళ్లాం ఉంది, ఆవిడ చేతిలో కర్ర ఉంది. ఆ వేషం వేసే ఆవిడ మాట పూర్తికాగానే కర్ర ఒకసారి నేలకు తాటించాలని కుదుర్చుకున్నాం. స్టేజీ చెక్కది కదా, అరికాలికి తెలిసిపోతుంది. నిన్న చేసి చూశాం. ఒక్కచోట కూడా తప్పలేదు. ఆవిడ మరీ ఉత్సాహంగా తాటిస్తోంది, నిజం పెళ్లాం కూడా నన్ను అంత గద్దించలేదు. మీ అమ్మ కిటికీలోంచి చూసి ఇంటికెళ్లి ఏడ్చిందట. నటన అంత బాగోలేదా అని అడిగాను.

ఆ ఇసుక ఆయన ఏమన్నాడు? గుమ్మంలోనే ఉన్నాను.

తాతయ్య

*

ఆఫీసు, పెద్ద గది, అందరూ వెళ్లిపోయాక
జూలై 23

తాతయ్యా,

అరికాలితో వింటున్న నటుడికి మనవరాలి దండాలు. నాటకం రోజు ముందు వరసలో ఉంటాను. చెప్పులు బయటే విడిచి వస్తానులే.

ఇసుక ఆయన వస్తానన్నాడు. కానీ మా ఆఫీసుకు రాడట, వాళ్ల వకీలు ఆఫీసుకూ రాడట. "మాట్లాడితే ఆ గేటు దగ్గరే" అన్నాడు. ఫైళ్లన్న తల పట్టుకున్నాడు. "గదిలో అన్న మాటకే రక్షణ. గేటు గది కాదు. అటు కర్మాగారం, ఇటు రోడ్డు. అక్కడ ఆవిడ క్షమాపణ అడిగితే దారినపోయేవాడు కూడా సాక్షే."

మేడమ్ నావైపు తిరిగారు. "అయితే దాన్ని గది చెయ్యి. ఒక్క పేరా. సాయంత్రంలోగా."

నేను ఎన్నిసార్లు కొట్టేసి రాశానో ఫైళ్లన్నను అడుగు. మాటలతో గోడలు కట్టడం అంటే ఇదేననిపించింది. ఆఖరికి ఇలా నిలిచింది: "గేటుకు లోపల కుళాయి వరకు, బయట గోడ వెంట లారీలు ఆగే చోటు చివరి వరకు ఉన్న నేలను ఈ చర్చ ముగిసేదాకా ఒక గదిగా ఇరుపక్షాలూ అంగీకరించాయి. అక్కడ అన్న ఏ మాటనూ, అడిగిన ఏ క్షమాపణనూ ఎవరూ కోర్టులో ఎత్తకూడదు."

మేడమ్ చదివి, ఒక్క కామా తీసేసి పంపేశారు. ఆ కామా లేకుండానే బాగుంది, ఒప్పుకుంటున్నాను.

ఈ మధ్యాహ్నం కాగితం అవతలి వైపు సంతకంతో తిరిగొచ్చింది. కింద ఒక వాక్యం చేర్చారు. "పై అంతస్తులోని కిటికీ కూడా ఆ గదిలో భాగమే. దానికి పరదా ఉండకూడదు." మేడమ్ దాన్ని పైకి చదివి, నాకేసి చూసి, కాగితం నా చేతికిచ్చారు. గాజు ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

సంతకమైతే పెట్టాడు, ఇసుక సంగతి మాత్రం ఎత్తలేదు. లారీలో వస్తానన్నాడు, అంతే. షెడ్డు నేల అక్కడక్కడా కనబడుతోంది. రేపే కోర్టులో మన విచారణ కూడా. అందుకని కారు వెనక సీట్లో ఫైళ్లన్నీ సర్ది పెట్టాం. గేటు దగ్గర కుదరకపోతే అటునుంచి అటే కోర్టుకు. "రెండు తలుపులూ తెరిచే ఉంచుకుందాం. ఏది తెరుచుకున్నా కొలిమి ఆరదు" అన్నారు మేడమ్. ఆవిడ అలా అంటే నాకూ అలాగే అనిపిస్తుంది.

మేం లేవబోతుంటే ఫోన్ మోగింది. అవతలి వకీలు. పొద్దున్నే కర్మాగారంలో కాటా పనిచేస్తుందా, తూచే మనిషి ఉంటాడా అని అడిగాడట. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఫైళ్లన్న ఫోన్ పెట్టేసి చాలాసేపు దానికేసే చూస్తూ నిలబడ్డాడు. ఖాళీ లారీని తూకం వేయించుకోవడానికి అంత దూరం ఎవరొస్తారు తాతయ్యా?

రేపు పొద్దున మొదటి బస్సుకు బయలుదేరతాను. ముందు మేడ ఎక్కి పరదా కొక్కేలు విప్పాలి, ఆ పని మేడమ్ నాకే అప్పగించారు. గాజు ఆవిడ కొలిమి దగ్గర ఊదించిన కొత్త గ్లాసును తనే కడిగి, కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుని, గేటు తెరుచుకుని తనే బయటికి వస్తుంది. నేను అప్పటికే కిందికి దిగి, బయట గోడ పక్కన ఆయన నిలబడిన చోట నిలబడి, రోడ్డు మలుపు కేసి చూస్తూ ఉంటాను.

నీ మనవరాలు